క్యాలిపర్ కొనే ముందు నిపుల్ ఒక అరచుట్టు తిప్పండి

ప్రశ్న: మాది కాకినాడ. కారు తొమ్మిదేళ్ల పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, 78 వేల కిలోమీటర్లు తిరిగింది. ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు. ముందు ప్యాడ్లు అరిగి కీచుమంటుంటే పోయిన నెల ఒక ఆదివారం ఇంటి దగ్గరే రెండు వైపులా నేనే మార్చాను. ఎడమ పక్క పిస్టన్ లోపలికి వెళ్లనని మొరాయించింది, సి క్లాంపు పెట్టి గట్టిగా బిగిస్తే వెళ్లింది. పిన్నులు పొడిగా కనిపిస్తే ఇంట్లో ఉన్న గ్రీజు పట్టించాను. నాలుగు రోజులు బండి బాగానే తిరిగింది. ఆ తర్వాత ఎడమ ముందు చక్రం దగ్గర కాలిన వాసన, పక్కన నిలబడితే సెగ. న్యూట్రల్‌లో వదిలితే మునుపటిలా దొర్లడం లేదు. స్టీరింగ్ కొంచెం ఎడమకు లాగుతోంది. కుడి పక్క మామూలుగానే ఉంది. మెకానిక్‌కి ఫోన్ చేస్తే క్యాలిపర్ పోయింది, కొత్తది వేయాలన్నాడు, బండి చూడకుండానే. నిజంగా మార్చాలా? లేక ప్యాడ్లలోనే తేడానా?

జవాబు: ముందు బండి పక్కన పెట్టేయండి. ఈ సంగతి తేలేదాకా ఆఫీసుకీ మార్కెట్‌కీ తీయొద్దు. పట్టేసిన బ్రేకు వేడి ప్యాడ్ల దగ్గర ఆగదు, పిస్టన్ గుండా, ప్యాడ్లని డిస్కుకి అదిమే క్యాలిపర్‌లో ఉన్న బ్రేక్ ఆయిల్‌కి చేరుతుంది. డాట్ 3 రకం బ్రేక్ ఆయిల్ సీసాలోంచి తీసినప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదని ప్రమాణం. తేమ పీల్చుకున్న ఆయిల్‌కి ఆ అంకె 140కి పడిపోతుంది. డాట్ 4కి అవే అంకెలు 230, 155. ఆయిల్ మరిగితే ఆవిరి పుడుతుంది, ఆవిరిని నొక్కితే నలిగిపోతుంది తప్ప ఒత్తిడిని ముందుకు పంపదు. అంటే పట్టేస్తున్న బ్రేకే కాసేపటికి అసలు పట్టని బ్రేకు అవుతుంది, పెడల్ నేలకు తగులుతుంది. దారిలో ఎప్పుడైనా చక్రం నుంచి పొగ వస్తే పక్కకి ఆపి చల్లారనివ్వండి. నీళ్లు పోయకండి, కాలుతున్న పోత ఇనుము డిస్కు చల్లనీళ్లకి వంకర పోతుంది, ఒక్కోసారి చిట్లుతుంది.

ఇక మీ ప్రశ్నకి వస్తే, క్యాలిపర్ మార్చాల్సి రావచ్చు, రాకపోనూ వచ్చు. ఫోన్లో చెప్పగలిగే విషయం కాదది. మీ ఉత్తరంలో మూడు ఆనవాళ్లున్నాయి, ఆ మూడూ మూడు వేరే చోట్లకి వేలు చూపిస్తున్నాయి. అవి అర్థం కావాలంటే డిస్కు బ్రేకు వదలడం ఎలా జరుగుతుందో ఒక్క పేరాలో చూడాలి.

డ్రమ్ము బ్రేకులో షూలను వెనక్కి లాగే స్ప్రింగులుంటాయి. మీ ముందు డిస్కు బ్రేకులో పిస్టన్‌ని వెనక్కి లాగే స్ప్రింగు లేదు. పిస్టన్ చుట్టూ చతురస్రపు అంచున్న ఒక రబ్బరు సీల్ ఉంటుంది. పెడల్ నొక్కినప్పుడు పిస్టన్ ముందుకు జరుగుతూ ఆ సీల్‌ని కొంచెం మెలిపెడుతుంది. వదిలినప్పుడు సీల్ తన ఆకారానికి వచ్చేస్తూ పిస్టన్‌ని ఓ వెంట్రుకవాసి వెనక్కి లాగుతుంది. అది లోపలి ప్యాడ్ సంగతి. బయటి ప్యాడ్ వదలాలంటే క్యాలిపర్ మొత్తం రెండు పిన్నుల మీద పక్కకి జరగాలి. ప్యాడ్ల చెవులు, అంటే రెండు కొసలు, వాటిని పట్టి ఉంచే బ్రాకెట్‌లో అటూ ఇటూ కదలాలి. పిస్టన్ వెనక ఉన్న ఆయిల్‌కి హోస్ పైపు గుండా వెనక్కి వెళ్లే దారి ఉండాలి. పిస్టన్, పిన్నులు, ప్యాడ్ చెవులు, హోస్: ఈ నాలుగింటిలో ఏది మొరాయించినా చక్రం పట్టేస్తుంది. బయటికి మాత్రం నాలుగూ ఒకేలా కనిపిస్తాయి. అందుకే పని తెలిసినవాళ్లు కూడా మొత్తం క్యాలిపర్ మార్చేద్దాం అనేస్తుంటారు. హోస్ పాడైన బండికి కొత్త క్యాలిపర్ వేస్తే డబ్బూ పోతుంది, చక్రమూ పట్టేస్తూనే ఉంటుంది.

ఆనవాళ్లలో మొదటిది, ఒక్క చక్రమే పట్టడం. పెడల్ తొక్కితే ఆయిల్‌ని అన్ని చక్రాలకీ నెట్టే మాస్టర్ సిలిండర్‌లోనో పెడల్ దగ్గరో తేడా ఉంటే రెండు ముందు చక్రాలూ పట్టేవి, లేదా కోణంగా ఎదురెదురుగా ఉన్న రెండు చక్రాలు పట్టేవి. ముందు చక్రాలు తోలే చిన్న కార్లలో చాలావాటికి బ్రేకు లైన్లు ఎడమ ముందుకీ కుడి వెనక్కీ ఒకటి, కుడి ముందుకీ ఎడమ వెనక్కీ ఒకటి అన్నట్టు అడ్డంగా విడగొట్టి ఉంటాయి. కుడి వెనక డ్రమ్ము కూడా వేడెక్కడం లేదు కదా? ఒకసారి చూడండి. అది చల్లగా ఉంటే మాస్టర్ సిలిండర్, పెడల్ బలాన్ని పెంచే బూస్టర్ జోలికి వెళ్లక్కర్లేదు. బ్రేక్ ఆయిల్ ట్యాంకులో ఆయిల్ ఎక్కువైపోయి బ్రేకు పట్టేస్తుందని కొందరంటారు గానీ, మూతకి గాలి రంధ్రం ఉంటుంది కాబట్టి మామూలుగా అలా జరగదు. పిస్టన్లు నెట్టినప్పుడు పైకి వచ్చిన ఆయిల్ మూత పక్కల నుంచి కారితే పెయింటు మాత్రం లేచిపోతుంది. మ్యాక్స్ గీతకి పైన ఉంటే సిరంజితో తీసేయండి.

రెండోది, నాలుగు రోజులు బాగుండి ఆ తర్వాత పట్టడం. ఇది గ్రీజు వైపు చూపిస్తోంది. ఏ గ్రీజో మీరు రాయలేదు. ఇంట్లో ఉండేది సాధారణంగా పెట్రోలియం గ్రీజు, అంటే చాసిస్‌కో బేరింగులకో పెట్టేది. బ్రేకుల్లోని రబ్బరు ఎక్కువగా ఈపీడీఎం రకం. బ్రేక్ ఆయిల్‌కి అది తట్టుకుంటుంది, పెట్రోలియం నూనెలకి మాత్రం ఉబ్బిపోతుంది. ఆ ఉబ్బడం గంటలో జరిగేది కాదు, రోజులు పడుతుంది, వేడి తోడైతే ఇంకా త్వరగా. రెండు పిన్నుల్లో ఒకదాని చివర రబ్బరు తొడుగు ఉండే క్యాలిపర్లు చాలా ఉన్నాయి. ఆ తొడుగు ఉబ్బితే పిన్ను తన గొట్టంలో బిరడాలా బిగుసుకుంటుంది. పెట్టిన రోజు నున్నగా జారిన పిన్ను నాలుగో రోజుకి కదలదు.

మూడోది, పిస్టన్ మొరాయించడం. ఇది మీ పని వల్ల వచ్చింది కాదు, మీ పని వల్ల బయటపడింది. ప్యాడ్లు అరిగేకొద్దీ పిస్టన్ బయటికి జరుగుతూ వస్తుంది. పిస్టన్ మూతి చుట్టూ దుమ్ము పడకుండా ఉండే రబ్బరు తొడుగు, అంటే డస్ట్ బూట్, ఎక్కడైనా చిరిగి ఉంటే, సీల్‌కి బయట ఉన్న పిస్టన్ భాగం ఏళ్ల తరబడి నీళ్లకీ దుమ్ముకీ దొరుకుతుంది. సముద్రం పక్క ఊళ్లలో ఉప్పుగాలి కూడా తోడు. తుప్పు పట్టిన ఆ భాగాన్నే కొత్త ప్యాడ్లకి చోటు కోసం మీరు సి క్లాంపుతో సీల్ గుండా లోపలికి తోశారు. ఇప్పుడు సీల్ పట్టుకుని ఉన్నది ఆ గరుకు భాగాన్ని. పిస్టన్‌ని వెనక్కి లాగడానికి సీల్‌కున్న బలమే కొంచెం, గరుకు తగిలితే అదీ చాలదు.

ఇప్పుడు పరీక్ష. మొదట చేయాల్సింది ఇదే, క్యాలిపర్ విప్పకముందే చేయాలి. విప్పారంటే సాక్ష్యం పోతుంది: ఒత్తిడి వదిలిపోతుంది, బిగుసుకున్నవి జరిగిపోతాయి, అసలు కారణం ఏదో తెలియకుండా అన్నీ శుభ్రం చేసి బిగిస్తారు, వారానికి మళ్లీ అదే కథ.

చదునైన గట్టి నేల మీద బండి పెట్టి, వెనక చక్రాలకి ముందూ వెనకా రాళ్లో చెక్క దిమ్మెలో అడ్డం పెట్టండి. హ్యాండ్ బ్రేకు వేసి, వీల్ నట్లు కొంచెం వదులు చేసి, ముందు ఎడమ పక్క జాకీ ఎత్తండి. కారుతో వచ్చిన కత్తెర జాకీ స్టెప్నీ మార్చడానికే. చక్రం తీసి చేతులు పెట్టే పనికి కింద జాక్ స్టాండ్ ఉండాల్సిందే. గేరు న్యూట్రల్. చక్రాన్ని చేత్తో తిప్పండి. కొత్త ప్యాడ్లతో సన్నగా సుయ్ మని రాపిడి వినిపించడం మామూలే, గేర్‌బాక్స్ వైపు నుంచి కూడా కొంత బరువు తెలుస్తుంది. కానీ ఒక చేత్తో తిరగాలి. రెండు చేతులతో లాగినా కష్టంగా తిరిగితే పట్టేసినట్టే. అనుమానంగా ఉంటే కుడి చక్రం కూడా లేపి తిప్పి పోల్చుకోండి, చేతికి ఇంతకన్నా మంచి కొలత లేదు. చల్లారాక చక్రం వదిలేసి ఉంటే, ఇంజిన్ ఆన్ చేయించి లోపల ఎవరితోనైనా పెడల్ గట్టిగా అయిదారుసార్లు తొక్కించి వదిలించండి, మళ్లీ తిప్పి చూడండి. అప్పటికీ పట్టకపోతే వీధిలోనే నెమ్మదిగా నాలుగు చక్కర్లు కొట్టి వెంటనే లేపండి.

చక్రం పట్టి ఉన్న స్థితిలో, క్యాలిపర్ వెనక పైభాగంలో చిన్న రబ్బరు టోపీ పెట్టుకుని, ఆయిల్, గాలి బయటికి వదలడానికి ఉండే బ్లీడర్ నిపుల్ కనిపిస్తుంది. చాలా బండ్లలో దానికి 8 లేదా 10 నంబరు స్పానర్ సరిపోతుంది. రింగు వైపే వాడండి, నోరు తెరిచిన వైపు పెడితే మూలలు అరిగిపోతాయి. నిపుల్‌కి పారదర్శకంగా ఉండే సన్న గొట్టం తగిలించి, రెండో చివర కొంచెం బ్రేక్ ఆయిల్ పోసిన సీసాలో ముంచండి. పెడల్ ఎవరూ తొక్కకుండా నిపుల్‌ని అరచుట్టు వదులు చేయండి. నిపుల్ తుప్పు పట్టి కదలకపోతే బలవంతం చేయకండి, విరిగితే అది ఇంకో పని. తుప్పు వదిలించే స్ప్రే కొట్టి గంట ఆగి, స్పానర్ మీద చిన్నగా తడుతూ ప్రయత్నించండి.

ఆయిల్ గొట్టంలోకి చటుక్కున చిమ్మి, చక్రం వెంటనే వదిలేసిందా? అయితే తప్పు ఇనుములో లేదు, ఆయిల్ వెనక్కి వెళ్లలేకపోతోంది. ఒక్క చక్రానికే ఇలా జరుగుతోంది కాబట్టి మొదటి అనుమానం రబ్బరు హోస్ మీద. పాత హోస్ లోపలి పొర ఊడి నాలుకలా వేలాడుతుంది. పెడల్ తొక్కినప్పుడు వచ్చే పెద్ద ఒత్తిడికి ఆ నాలుక పక్కకి తప్పుకుంటుంది, వెనక్కి మెల్లగా రావాల్సిన ఆయిల్‌కి మాత్రం అడ్డం పడుతుంది. పైకి హోస్ కొత్తదానిలా నిగనిగలాడుతున్నా లోపల ఇలా ఉండవచ్చు. ప్యాడ్లు మార్చేటప్పుడు క్యాలిపర్‌ని హోస్‌కే వేలాడదీసి ఉంటే, పాత హోస్‌కి ఆ బరువు చాలు. ఇనుప తీగతో సస్పెన్షన్ స్ప్రింగుకి కట్టి పెట్టాల్సింది. ఇంకో చిన్న సంగతి: క్యాలిపర్ బిగించేటప్పుడు అది ఒక పల్టీ కొట్టి హోస్ మెలిపడలేదు కదా? హోస్ మీద నిలువుగా ఒక గీతో అచ్చయిన అక్షరాల వరసో ఉంటుంది, అది మెలికలు తిరగకుండా తిన్నగా రావాలి. హోస్ మారిస్తే రెండు వైపులా ఒకేసారి మార్చేయండి, దాంతోపాటు రాగి వాషర్లు కూడా కొత్తవి వేయాలి.

నిపుల్ తిప్పితే రెండు చుక్కలు కారి చక్రం అలాగే బిగుసుకుని ఉంటే హోస్ మంచిదే. పట్టు ఇనుములో ఉంది. మీ ఉత్తరం బట్టి చూస్తే ఎక్కువగా ఇదే తేలుతుందని నా అంచనా. నిపుల్ బిగించి, టోపీ పెట్టి, ఇప్పుడు విప్పండి.

కింది పిన్ను బోల్టు తీసి క్యాలిపర్‌ని పైకి మడవడానికి ప్రయత్నించినప్పుడే సగం విషయం తెలుస్తుంది. ప్యాడ్లు బయటికి వచ్చాక, తీసిన బోల్టు మళ్లీ రెండు చుట్లు ఎక్కించి క్యాలిపర్‌ని చేత్తో అటూ ఇటూ జరపండి, లేదా ఒక్కో పిన్నుని బ్రాకెట్‌లోంచి లాగి చూడండి. వేళ్లతో లాగితే నున్నగా రావాలి. మెలితిప్పి పీకాల్సి వస్తే దొంగ దొరికినట్టే. రబ్బరు తొడుగున్న పిన్నుని పక్కన పెట్టి చూడండి: తొడుగు మెత్తబడి, జిగురుగా, పిన్ను లోహం కన్నా ఉబ్బెత్తుగా కనిపిస్తుందా? కుడి పక్క అదే పిన్ను తీసి పక్కపక్కన పెడితే తేడా ఇంకా తెలుస్తుంది. ఉబ్బిన రబ్బరు కడిగినా ఎండబెట్టినా పాత కొలతకి రాదు. తొడుగు, పిన్ను బూట్లు కొత్తవి వేయాల్సిందే, పిన్ను కిట్ అని స్పేర్ పార్టుల దుకాణాల్లో అడగండి, బండి మోడల్, సంవత్సరం చెప్పాలి. మొత్తం క్యాలిపర్‌తో పోలిస్తే ఇది చాలా చవక.

చాలా బండ్లలో పిన్నులు రెండూ ఒకేలా ఉండవని చాలామంది గమనించరు. ఒకటి నున్నటి గుండ్రం, రెండోదానికి తొడుగో చదును చెక్కిన పక్కో ఉంటుంది. పైదీ కిందదీ తారుమారైతే కూడా క్యాలిపర్ బిగుస్తుంది. ఏది పైన, ఏది కింద అన్నది మీ బండి మాన్యువల్లో చూడాలి, లేదా ముట్టుకోని బండిని చూడాలి. మీరు కుడి పక్క కూడా విప్పారు కాబట్టి దాన్ని చూసి నమ్మేయకండి, రెండు వైపులా ఒకే తప్పు చేసి ఉండవచ్చు.

పిన్నుల గొట్టాల్లో పాత గ్రీజు ఒక్క మరక కూడా మిగలకూడదు. సన్నటి కడ్డీకి గుడ్డ చుట్టి, బ్రేక్ క్లీనర్ కొట్టి, గుడ్డ తెల్లగా వచ్చేదాకా తుడవండి. పెట్రోలు, కిరోసిన్, డీజిల్ వద్దు, వాటితోనే మళ్లీ రబ్బరు ఉబ్బుతుంది. పిన్ను మీద తుప్పు మచ్చలుంటే 400 నంబరు ఎమెరీ పేపరుతో నున్నగా చేయొచ్చు, గుంటలు పడి ఉంటే పిన్నే మార్చండి. ఆరాక సిలికోన్ బ్రేకు గ్రీజు, అంటే రబ్బరుకి పనికొస్తుందని పొట్లం మీద రాసి ఉన్నది, పిన్నుకి పల్చగా పట్టించండి. ఒక్కో పిన్నుకి కందిగింజంత చాలు. గొట్టం నిండా కూరితే పిన్ను లోపలికి నెట్టినప్పుడు గ్రీజు, గాలి చివర ఇరుక్కుని పిన్నుని బయటికి తంతాయి, అదీ ఒక రకం పట్టుడే. పిన్ను తోశాక వేలు తీసేస్తే అది ఉన్నచోటే ఉండాలి. వెనక్కి వస్తే బూట్ పెదవి కొంచెం ఎత్తి గాలి వదలండి. వేజలీన్, కొబ్బరినూనె, ఇంజిన్ ఆయిల్, రాగి రంగు గ్రీజు, ఇవేవీ పిన్నులకి పెట్టకూడదు. రాగి గ్రీజు ప్యాడ్ వెనక రేకుకి మాత్రమే.

పిన్నులు బాగున్నాయా? ప్యాడ్ చెవులకి రండి. బ్రాకెట్‌లోని స్టీలు క్లిప్పుల్లో ప్యాడ్ చెవులు వేలితో నెడితే జారాలి, సుత్తి అవసరమైతే తప్పు జరిగినట్టే. మార్కెట్లో దొరికే ప్యాడ్లకి కొన్నిసార్లు చెవుల దాకా మందంగా పెయింటు ఉంటుంది. ఆ పెయింటుని ఆకురాయితో రెండు మూడు సార్లు గీస్తే చాలు, లోహం తినకూడదు. మీ ఊరి బండ్లలో ఎక్కువగా జరిగేది ఇంకోటి: క్లిప్పు కింద బ్రాకెట్ మీద తుప్పు పొర ఎదిగి క్లిప్పుని లోపలికి ఎత్తేస్తుంది, దాంతో సందు ఇరుకవుతుంది. క్లిప్పు తీసి, కింద వైర్ బ్రష్షుతో మెరిసే ఇనుము కనిపించేదాకా గీకండి. కొత్త ప్యాడ్ల పెట్టెలో వచ్చిన కొత్త క్లిప్పుల్ని పాత క్లిప్పుల మీదే పెట్టేసిన కేసులు కూడా ఉంటాయి, నవ్వకండి, తుప్పులో పాత క్లిప్పు కనపడదు. అలాగే ప్యాడ్ వెనక ముందే అతికించి వచ్చిన రేకు ఉండగా పాత రేకులు కూడా పెడితే మందం ఎక్కువై సందు మిగలదు.

డిస్కు అంచుని గోటితో తడిమి చూడండి. పాత ప్యాడ్ తాకని చోట తుప్పు గట్టు లేచి ఉంటుంది. కొత్త ప్యాడ్ కొంచెం వెడల్పుగా ఉంటే ఆ గట్టు మీద ఎక్కి కూర్చుంటుంది. గట్టు పెద్దదైతే డిస్కు మందం కొలవాలి. కనీస మందం డిస్కు మీదే, అంచున గానీ టోపీ భాగం మీద గానీ మి.మీ.లో పోసి ఉంటుంది. దానికన్నా తక్కువైతే చెక్కించడం దండగ, మార్చాలి.

చివరికి పిస్టన్. క్యాలిపర్ చేతిలో పెట్టుకుని డస్ట్ బూట్ చుట్టూ వేలితో తిప్పి చూడండి. చిరుగు, లోపల తడి, ఎర్రటి పొడి కనిపిస్తే పిస్టన్ మీద అనుమానం ఖాయమవుతుంది. తర్వాత క్యాలిపర్ నోట్లో పాత ప్యాడ్‌ని, దానికి తోడు చెక్క ముక్కని పెట్టి, పిస్టన్ అయిదారు మి.మీ.లకి మించి బయటికి రాకుండా చేసి, పెడల్‌ని చాలా నెమ్మదిగా తొక్కించండి. కుడి పక్క క్యాలిపర్ బిగించే ఉండాలి, లేకపోతే అటు పిస్టన్ ఊడి వస్తుంది. పాత బండిలో పెడల్‌ని ఎప్పుడూ నేలకంటా తొక్కించకండి, మాస్టర్ సిలిండర్‌లో ఎన్నడూ సీల్ తిరగని చివరి భాగంలో తుప్పు ఉంటుంది, సీళ్లు అక్కడ చిరుగుతాయి. ఇప్పుడు పిస్టన్‌ని సి క్లాంపుతో వెనక్కి నెట్టండి, నిపుల్ కొంచెం వదులు చేసి గొట్టం పెట్టి. ఇలా చేస్తే క్యాలిపర్‌లోని మురికి ఆయిల్ ఏబీఎస్ యూనిట్ వైపు పోకుండా బయటికి వచ్చేస్తుంది. పిస్టన్ ఒకే తీరుగా, మెల్లగా, ఒంకర పోకుండా వెళ్లాలి. కొంత దూరం వెళ్లి ఆగి, మళ్లీ ఒక్కసారిగా జారితే అక్కడ తుప్పు ఉన్నట్టు.

అప్పుడు కూడా క్యాలిపర్ మార్చడం ఒక్కటే దారి కాదు. సీల్, డస్ట్ బూట్ ఉండే రిపేర్ కిట్ దొరుకుతుంది. పిస్టన్ బయటికి తీసి చూస్తే, పూత మీద మరకలు మాత్రమే ఉంటే తుడిచి వాడుకోవచ్చు, గోటికి గుంట తగిలితే పిస్టన్ పనికిరాదు. సీల్ కూర్చునే గాడిలో పేరుకున్న తుప్పుని వెదురు పుల్లతో తీయాలి. స్క్రూ డ్రైవర్‌తో గీకితే గాడి పాడవుతుంది. ఆ తుప్పే సీల్‌ని కింద నుంచి ఎత్తి పిస్టన్‌కి నొక్కేస్తుంది, చాలామంది కొత్త సీల్ వేసి గాడి వదిలేస్తారు, అందుకే రిపేరు నిలవదు. కొత్త సీల్‌కి గ్రీజు కాదు, శుభ్రమైన బ్రేక్ ఆయిల్ రాసి ఎక్కించాలి. పిస్టన్‌ని కంప్రెసర్ గాలితో ఊదించి తీసే పని ఇంట్లో చేయకండి, తుపాకీ గుండులా వస్తుంది, ముందు వేళ్లుంటే నుజ్జవుతాయి. ఈ భాగం ఇంతకు ముందు చేసిన అలవాటు లేకపోతే వర్క్‌షాపుకి ఇవ్వండి. పిస్టన్, గాడి రెండూ పాడైతే అప్పుడు క్యాలిపర్ కొనండి. ఎడమదే అని చూసుకోండి: బిగించాక నిపుల్ పైవైపు ఉండాలి. కింద ఉంటే అది కుడి పక్కది, ఎంత బ్లీడ్ చేసినా, అంటే నిపుల్ గుండా ఎంత ఆయిల్ వదిలినా, లోపలి గాలి పోదు.

ఇంకో సాక్ష్యం మీ ఇంట్లోనే ఉండొచ్చు. తీసేసిన పాత ప్యాడ్లు పారేయలేదు కదా? ఎడమ జతలో పిస్టన్ వైపుది బాగా అరిగి బయటిది మందంగా ఉంటే, లేదా ఒకటి ఒక కొస నుంచి ఇంకో కొసకి ఏటవాలుగా అరిగి ఉంటే, పిన్నులో పిస్టనో ముందు నుంచే సరిగా కదలడం లేదు. నాలుగు ప్యాడ్లూ దాదాపు సమానంగా అరిగి ఉంటే తేడా మీరు పని చేసిన రోజే మొదలైంది, గ్రీజు మీద నా అనుమానం ఇంకా గట్టిపడుతుంది.

వేడెక్కిన ఎడమ ప్యాడ్లని మళ్లీ వాడొచ్చా అంటే, అంచులు తెల్లబారి పొడి రాలుతున్నా, రేకు నుంచి రాపిడి పదార్థం ఊడుతున్నా, ముఖం అద్దంలా మెరుస్తున్నా వద్దు. మార్చితే రెండు వైపులా కలిపే మార్చాలి. డిస్కు మీద నీలం మచ్చలు, సన్నని వెంట్రుక పగుళ్లు ఉంటే అదీ అంతే. బేరింగు గ్రీజు కూడా వేడి తిని ఉంటుంది, 60 కి.మీ. వేగంలో ఆ వైపు నుంచి హూం అని ఒకే శ్రుతిలో శబ్దం వస్తుందేమో కొన్నాళ్లు చెవిన పెట్టండి. బ్రేక్ ఆయిల్ రెండేళ్లుగా మార్చకపోతే ఈ పనితోపాటే మొత్తం మార్చేయండి. చిన్న కారుకి ఒక లీటరు తెచ్చుకుంటే చాలు. ట్యాంకు మూత మీద డాట్ 3 అనో డాట్ 4 అనో రాసి ఉంటుంది, అదే వేయాలి, సిలికోన్ రకం డాట్ 5 వేయకూడదు. మూత తీసిన పాత సీసా ఇంట్లో ఉంటే దాన్ని వాడకండి, గాలిలో తేమ దానికి అప్పటికే పట్టి ఉంటుంది.

బిగించేటప్పుడు, చాలా చిన్న కార్లలో పిన్ను బోల్టులు 25 నుంచి 35 న్యూటన్ మీటర్ల చుట్టూ, బ్రాకెట్ బోల్టులు 85 నుంచి 110 చుట్టూ ఉంటాయి. మీ బండి మాన్యువల్లో అంకె వేరేగా ఉంటే అదే పాటించండి. చక్రం వేయకముందే పెడల్‌ని సగం సగంగా తొక్కుతూ గట్టిపడేదాకా పంపు చేయండి. ఇది మరిచిపోయి బండి కదిలిస్తే మొదటి తొక్కుకి బ్రేకు పడదు, గేటు పోతుంది.

తర్వాత ఖాళీ రోడ్డు మీద 50 నుంచి 60 కి.మీ. వేగం నుంచి 15 దాకా, పూర్తిగా ఆపకుండా, ఎనిమిది పదిసార్లు మధ్యరకం బ్రేకు వేసి కొత్త ప్యాడ్లని కూర్చోబెట్టండి. మధ్యలో అర నిమిషం ఊపిరి తీసుకోనివ్వండి. కొంచెం వాసన రావచ్చు, పర్లేదు. ఆ తర్వాత అయిదారు కి.మీ. వీలైనంత తక్కువ బ్రేకుతో తిరిగి వచ్చి, రెండు ముందు చక్రాల డిస్కుల వేడి పోల్చండి. గురిపెట్టి కొలిచే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ ఉంటే మేలు. మెరిసే డిస్కు మీద అది అసలు కన్నా తక్కువ చూపిస్తుంది, కాబట్టి అంకెని నమ్మకండి, రెండు వైపులా ఒకే చోట పెట్టి తేడాని చూడండి. ఎడమ 60, కుడి 55 అంటే సుఖం. ఎడమ 130, కుడి 60 అంటే మళ్లీ నిపుల్ దగ్గరికి. థర్మామీటర్ లేకపోతే చక్రం గాలి సందుల దగ్గర అరచెయ్యి వెనక వైపు పెట్టి సెగ చూడండి, డిస్కుని మాత్రం ముట్టుకోవద్దు. వంద కి.మీ.లు తిరిగాక వీల్ నట్లు ఒకసారి మళ్లీ బిగించుకోండి.

కుడి పక్కకి కూడా అదే గ్రీజు పెట్టారు. అది ఇంకా పట్టలేదంతే. ఎడమ పని అయిన రోజే కుడి పిన్నులు కూడా తీసి, కడిగి, తొడుగు చూసి, సిలికోన్ గ్రీజుతో వేయండి.

ఇంకా తేలకపోతే మళ్లీ రాయండి. అప్పుడు మూడు సంగతులు తప్పకుండా చెప్పండి: చక్రం పట్టి ఉన్నప్పుడు నిపుల్ తిప్పితే ఏమైంది, పాత ఎడమ ప్యాడ్లలో ఏది ఎక్కువ అరిగింది, పిన్ను తొడుగు ఉబ్బిందా లేదా.